బేస్ గిటారు తీగలు: ఫ్లాట్‌వౌండ్ మేలా, రౌండ్‌వౌండ్ మేలా?

వివాహ వేదికపై పాడే ఆర్కెస్ట్రాలోనైనా, ప్రార్థనా మందిరపు గాయక బృందంలోనైనా, కళాశాల వార్షికోత్సవంలోనైనా నాలుగు లావుపాటి తీగలతో పాటకు అడుగు భాగాన నిలిచే వాద్యం బేస్ గిటారు. గాయకుని గొంతు, కీబోర్డు, తబలా అందరి దృష్టికీ వస్తాయి. బేస్ మాత్రం ఆగిపోయినప్పుడే దాని లోటు తెలుస్తుంది. ఇటువంటి వాద్యాన్ని పిల్లలకు కొనిపెట్టిన కుటుంబాలు సరిహద్దు గ్రామాలలో ఇప్పుడు అరుదు కావు.

వాద్యం కొన్న తరువాత ఎదురయ్యే మొదటి ఖర్చు తీగలది. పట్టణానికి వెళ్ళి సెట్టు కావాలని అడిగితే, "ఫ్లాటా, రౌండా?" అన్న ఎదురు ప్రశ్న వస్తుంది. దుకాణదారు కన్నడంలో అడిగినా, తమిళంలో అడిగినా, ఒడియాలో అడిగినా ఆ రెండు మాటలు మారవు. సమాధానం తెలియక ఏదో ఒకటి తెచ్చుకుంటే డబ్బు వృథా కావచ్చు. వాద్యానికి తగని తీగ వేస్తే మెడ వంగవచ్చు, మెట్లు అరగవచ్చు. అంతకంటె విచారకరమైన విషయం మరొకటి ఉన్నది. దోషం తీగలో ఉండగా, "మా వాడి చేతికి ఇది రాదు" అని పెద్దలు నిర్ణయించుకోవడం జరుగుతుంది. కావున ఈ రెండు రకాల తీగల స్వరూప స్వభావాలను, వాటిని ఎంచుకునే పద్ధతిని ఈ వ్యాసంలో వివరంగా తెలుసుకుందాం.

పేరు, నిర్మాణం

ముందుగా పేరు. ఇక్కడి "వౌండ్" అనే మాట చుట్టుట అనే అర్థం గల "వైండ్" అన్న ఆంగ్ల క్రియ నుండి వచ్చినది. గాయం అనే అర్థంలో వాడే మాటను "వూండ్" అని పలుకుతారు. వ్రాతలో రెండూ ఒకటే కాబట్టి విద్యార్థులు తరచుగా తడబడుతుంటారు. ఫ్లాట్‌వౌండ్ అనగా చదునైన రేకు చుట్టినది. రౌండ్‌వౌండ్ అనగా గుండ్రని తీగ చుట్టినది.

బేస్ గిటారు తీగ ఒకే లోహపు పోగు కాదు. మధ్యలో ఉక్కుతో చేసిన సన్నని గర్భతీగ ఉంటుంది. తీగకు బలాన్నిచ్చేది అదే. దాని చుట్టూ మరొక లోహాన్ని దగ్గర దగ్గరగా, కొన్నిసార్లు రెండు మూడు పొరలుగా, చుడతారు. అంత లావు తీగను ఒకే ఉక్కు కడ్డీగా చేస్తే అది వంగక బిర్రబిగిసి, శ్రుతి శుద్ధంగా పలకదు. వంగే గుణం చెడకుండా బరువు పెంచడానికే ఈ చుట్టు. మన వీణలోను, వయొలిన్‌లోను మంద్రస్థాయి తీగలకు చుట్టు ఉండడానికి కారణం ఇదే.

రౌండ్‌వౌండ్ తీగలో పైచుట్టు కూడా గుండ్రని తీగయే. నులకను దగ్గర దగ్గరగా చుట్టిన కర్రను ఊహించుకోండి. చుట్టుకూ చుట్టుకూ నడుమ సన్నని గాడి కనిపిస్తుంది. వేలితో రాస్తే గరుకు తెలుస్తుంది. ఫ్లాట్‌వౌండ్ తీగలో పైచుట్టుకు చదునైన లోహపు రేకును వాడతారు. రేకు అంచులు ఒకదానినొకటి ఒరుసుకొని ఉండడం వలన ఉపరితలం నున్నగా ఉంటుంది, గాడి దాదాపుగా ఉండదు.

ఈ రెండు తీగల మధ్య మూలభేదం ఆ గాడి ఒక్కటే. నాదంలోని తేడా, వేలికి తగిలే తీరు, మెట్ల అరుగుదల, తీగ ఆయుష్షు, అన్నీ ఆ గాడి నుండి పుట్టినవే. ఈ విషయాన్ని మనసులో ఉంచుకుంటే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

కొంత చరిత్ర

అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే వాద్యాన్ని విడుదల చేశాడు. ఈనాడు మనం చూసే బేస్ గిటార్లలో అధికభాగం దాని అడుగుజాడలలో తయారైనవే. అంతకు పూర్వం మంద్రస్థాయి భారమంతా నిలువెత్తు డబుల్ బేస్‌దే. దానిని వేళ్ళతో మీటేవారు, కమానుతోనూ వాయించేవారు. కమాను గరుకు లేకుండా సాగాలంటే తీగ నున్నగా ఉండవలసిందే. మన వయొలిన్‌పై వేసే చుట్టు తీగలు కూడా ఈ కారణం చేతనే చదునుగా ఉంటాయి. ఆ సంప్రదాయం కొత్త వాద్యానికీ సంక్రమించింది. 1950ల దశకంలో బేస్ గిటారుకు ఫ్లాట్‌వౌండ్ తీగలే సామాన్యం.

ఆ తీగలకు చిరకీర్తి తెచ్చినవాడు జేమ్స్ జేమర్సన్ (1936–1983). డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థ 1960లలో వెలువరించిన అసంఖ్యాకమైన పాటలకు బేస్ వాయించినవాడు ఆయనే. 1962 నాటి ప్రెసిషన్ బేస్‌పై లాబెల్లా సంస్థవారి లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదని ప్రసిద్ధి.

ఇంగ్లండులో పరిస్థితి వేరుగా పరిణమించింది. అక్కడి రాక్ బృందాలలో డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటార్ల హోరు పెరిగి, బేస్ మాట వినబడని స్థితి వచ్చింది. "ది హూ" బృందంలోని జాన్ ఎంట్విజిల్ (1944–2002) పియానో తీగ మాదిరి మ్రోగే తీగ కోసం రోటోసౌండ్ సంస్థతో కలిసి పనిచేశాడు. ఆ కృషి ఫలితంగా 1966లో రూపొందినవే స్వింగ్ బేస్ అనే ఉక్కు రౌండ్‌వౌండ్ తీగలు. అవి వచ్చిన తరువాత రాక్ సంగీతంలో బేస్ స్వరూపమే మారిపోయింది. ఈనాడు కర్మాగారం నుండి వచ్చే కొత్త బేస్ గిటార్లలో ఎక్కువ వాటికి రౌండ్‌వౌండ్ తీగలే ఉంటాయి. మీ ఇంట్లోని వాద్యానికి తీగలు ఇంతవరకు మార్చకపోతే, దానిపై ఉన్నవి రౌండ్‌వౌండ్ అయ్యే అవకాశమే అధికం. గోటితో తీగ పొడవునా మెల్లగా గీస్తే తెలిసిపోతుంది. గరగరమంటే రౌండ్, జారిపోతే ఫ్లాట్.

నాదంలో భేదం

తీగను మీటినప్పుడు ఒక్క స్వరమే పుట్టదు. ప్రాథమిక స్వరంతోపాటు దాని పౌనఃపున్యానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉన్న అనుస్వరాలు కూడా పుడతాయి. తంబురాను చక్కగా శ్రుతి చేసినప్పుడు, ఎవరూ మీటకుండానే అందులో గాంధారం వినిపించడం సంగీతం తెలిసినవారికి అనుభవమే. అది మంద్ర తీగ యొక్క అయిదవ అనుస్వరం.

బేస్ గిటారులోని నాలుగు తీగలను లావు నుండి సన్నానికి ఇ, ఏ, డి, జి అని పిలుస్తారు. వాటి పౌనఃపున్యాలు వరుసగా సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్. వీధిలోని కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ చేసే గుంయ్‌మనే నాదం 100 హెర్ట్జ్. బేస్‌లోని అతి సన్నని జి తీగ ఖాళీగా పలికే స్వరం దాదాపు అదే. మిగిలిన మూడూ దానికన్నా క్రిందివి.

రౌండ్‌వౌండ్ తీగలో అనుస్వరాలు పుష్కలంగా, ఎక్కువసేపు నిలుస్తాయి. అందువలన నాదం మెరుపుగా, స్పష్టంగా, కొంత లోహపు ఝంకారంతో ఉంటుంది. ఫ్లాట్‌వౌండ్ తీగలో పై అనుస్వరాలు త్వరగా అణగిపోయి, ప్రాథమిక స్వరమే ప్రధానంగా మిగులుతుంది. నాదం గుండ్రంగా, మెత్తగా, మద్దెల దెబ్బవలె "ధుం" అని పలికి త్వరగా సద్దుమణుగుతుంది. కొత్త ఫ్లాట్ తీగలలోనూ మొదట కొంత మెరుపు ఉంటుంది. కొన్ని వారాలు వాయించిన తరువాతనే వాటి అసలు గుణం బయటపడుతుంది. కావున వేసిన మరునాడే తీర్పు చెప్పరాదు.

ఫ్లాట్ అంటే నెమ్మది పాటలకు, రౌండ్ అంటే హోరు పాటలకు అని కొందరు తేల్చి చెబుతారు. అది పూర్తిగా సరికాదు. ఐరన్ మెయిడెన్ అనే సుప్రసిద్ధ హెవీ మెటల్ బృందానికి సంస్థాపకుడైన స్టీవ్ హారిస్ వాయించేది ఫ్లాట్‌వౌండ్ తీగలపైననే. వేలి దెబ్బ, యాంప్లిఫయరు అమరిక కూడా నాదాన్ని నిర్ణయిస్తాయనడానికి ఆయనే నిదర్శనం.

స్పీకరును మరువరాదు

తీగ ఎంపికలో చాలామంది ఆలోచించని అంశం స్పీకరు. పెద్ద స్పీకర్లు గల మందిరంలో 41 హెర్ట్జ్ నాదం ఛాతీకి తగులుతుంది. గ్రామాలలో కార్యక్రమాలకు వాడే హారన్ మైకులు, చిన్న బాక్సులు ఆ స్థాయి నాదాన్ని దాదాపుగా పలికించలేవు. అయినా అటువంటి చోట బేస్ స్వరం మనకు తెలియడానికి ఒక విచిత్రమైన కారణం ఉన్నది. 41 హెర్ట్జ్ లుప్తమైనా, దాని అనుస్వరాలైన 82, 124, 165, 206 హెర్ట్జ్ నాదాలు వినిపిస్తే, మన మెదడు లుప్తమైన మూలస్వరాన్ని తానే ఊహించి పూరించుకుంటుంది.

ఇళయరాజా స్వరపరచిన "గీతాంజలి" (1989) చిత్రగీతాలను మొదట సెల్‌ఫోను స్పీకరులోను, తరువాత మంచి ఇయర్‌ఫోనులోను విని చూడండి. మొదటిసారి బేస్ గమనం నీడవలె తోస్తుంది, రెండవసారి అది పాటకు సమాంతరంగా నడిచే మరొక పాటయని తెలుస్తుంది.

దీనినిబట్టి ఒక ఆచరణాత్మక సూత్రం ఏర్పడుతున్నది. చిన్న స్పీకరుపై వాయించేవారికి అనుస్వరాలు ఎక్కువగా గల రౌండ్‌వౌండ్ తీగలే ఎక్కువ వినిపిస్తాయి. అదే చోట ఫ్లాట్‌వౌండ్ వేస్తే స్వరం తెలియక గొణుగుడు మాత్రమే మిగలవచ్చు. అప్పుడు వాయించేవాడు ధ్వని పెంచుతాడు, స్పీకరు చిరుగుతుంది. పెద్ద స్పీకరు ఉన్నచోట, లేదా నేరుగా రికార్డింగు చేసేచోట, ఫ్లాట్‌వౌండ్ తీగలు గాయకుని గొంతుకు అడ్డు రాకుండా అందంగా ఇమిడిపోతాయి.

వేలికి, మెట్లకు

రౌండ్‌వౌండ్ తీగపై ఎడమచేతి వేలు ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు జారేటప్పుడు గాడులపై రాసుకొని "కీచ్" మని శబ్దం వస్తుంది. సభలో పెద్దగా తెలియదు కాని, రికార్డింగులో స్పష్టంగా పట్టుబడుతుంది. ఫ్లాట్‌వౌండ్ తీగపై ఈ బాధ చాలా తక్కువ. లేత వేళ్ళకు గరుకు లేకపోవడం ఊరటయే. అయితే ఫ్లాట్ తీగలు చాలావరకు బిర్రుగా ఉంటాయి. నున్నగా ఉన్నంత మాత్రాన నొక్కడం తేలిక అనుకోరాదు.

వీణకు మెట్లు అరిగితే మళ్ళీ మేళం కట్టిస్తారు. బేస్ గిటారు మెట్లు సాధారణంగా నికెల్ సిల్వర్ అనే మిశ్రమ లోహంతో చేస్తారు. పేరులో వెండి ఉన్నా అందులో ఉన్నవి రాగి, నికెల్, జింకు మాత్రమే. దానికన్నా గట్టిదైన స్టెయిన్‌లెస్ స్టీల్ రౌండ్‌వౌండ్ తీగ ఆకురాయివలె దానిని క్రమంగా అరగదీస్తుంది. నికెల్ పూతగల రౌండ్ తీగల వలన అరుగుదల కొంత తక్కువ. నున్నటి ఫ్లాట్ తీగల వలన మరీ తక్కువ. మెట్లు మార్పించడం నిపుణుని పని. చిన్న పట్టణాలలో అటువంటివారు దొరకడం కష్టం, ఖర్చు కూడా ఒక తీగల సెట్టుకు ఎన్నో రెట్లు అవుతుంది.

మెట్లు లేని బేస్ గిటార్లు కూడా ఉన్నాయి. వాటిపై తీగ నేరుగా కొయ్యపైననే ఆనుతుంది కాబట్టి రౌండ్‌వౌండ్ వేస్తే కొయ్యపై గీతలు పడతాయి. ఈ వాద్యంలో అగ్రగణ్యుడైన జాకో పాస్టోరియస్ రౌండ్‌వౌండ్ తీగలనే వాడాడు. కాని కొయ్యకు రక్షణగా పడవలకు పూసే ఎపాక్సీ పూత వేసుకున్నాడు. ఆ పూత లేనివారికి ఫ్లాట్‌వౌండ్ క్షేమం.

ఆయుష్షు, ఖర్చు

చెమట, చర్మపు జిడ్డు, దుమ్ము గాడులలో పేరుకొనడం వలన రౌండ్‌వౌండ్ తీగ మెరుపు కోల్పోతుంది. రోజూ వాయించేవారికి కొన్ని వారాల నుండి కొన్ని నెలలలోపే ఈ మార్పు తెలుస్తుంది. యానాం, గంజాం వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలి, ఉక్క తోడై తుప్పును కూడా తొందరపెడతాయి. ఫ్లాట్‌వౌండ్ తీగలో జిడ్డు చేరడానికి చోటు తక్కువ, కోల్పోవడానికి మెరుపూ తక్కువ. కావున ఏళ్ళ తరబడి మన్నుతుంది.

ధరలో మాత్రం ఫ్లాట్ తీగలు సాధారణంగా ఎక్కువ. ఒక లెక్క వేసి చూద్దాం. రౌండ్ సెట్టు ధర ఒక పాలు, ఫ్లాట్ సెట్టు ధర రెండు పాళ్ళు అనుకోండి. మెరుపు తగ్గగానే నాలుగు నెలలకొకసారి రౌండ్ తీగలు మారిస్తే మూడేళ్ళలో తొమ్మిది సెట్లు, అనగా తొమ్మిది పాళ్ళ ఖర్చు. ఆ మూడేళ్ళూ ఒకే ఫ్లాట్ సెట్టు నడిస్తే రెండు పాళ్ళు. మొదట ఎక్కువ అనిపించినదే చివరకు చౌక అవుతున్నది. అయితే మెరుపు తగ్గిన రౌండ్ తీగ పనికిరానిదేమీ కాదు. శ్రుతి నిలుస్తూ, తుప్పు లేకుండా ఉన్నంతకాలం దానిని వాయించుకోవచ్చు. మెరుపు అక్కరలేనివారు ఊరికే మార్చనవసరం లేదు.

ఏ తీగనైనా వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో పైనా క్రిందా తుడిస్తే ఆయుష్షు పెరుగుతుంది. వాయించే ముందు చేతులు కడుక్కోవడం మరీ మంచిది. తుప్పు భయంతో తీగలకు కొబ్బరినూనె రాయరాదు. అది గాడులలో చేరి దుమ్మును పట్టి ఉంచి, నాదాన్ని చంపుతుంది. పాత రౌండ్ తీగలను నీటిలో మరిగించి మళ్ళీ వేసుకునే అలవాటు లోకంలో ఉన్నది. మెరుపు తిరిగి వచ్చినా కొద్దిరోజులే నిలుస్తుంది, లోపల తడి మిగిలితే తుప్పు ఖాయం. అత్యవసరానికి తప్ప అది ఆశ్రయించదగిన పద్ధతి కాదు.

లావు, తన్యత, పొడవు

తీగల లావును అంగుళంలో వెయ్యవ వంతులలో చెబుతారు. సాధారణంగా దొరికే సెట్టులో జి తీగ 45, డి తీగ 65, ఏ తీగ 85, ఇ తీగ 105 ఉంటాయి. అనగా 1.14 మిల్లీమీటర్ల నుండి 2.67 మిల్లీమీటర్ల వరకు. దుకాణంలో "నలభై అయిదు, నూట అయిదు" అంటే ఇదే.

నాలుగు తీగలను శ్రుతికి బిగించినప్పుడు మెడపై పడే మొత్తం తన్యత సుమారు 70 నుండి 90 కిలోల బరువుకు సమానం. 25 కిలోల బియ్యం సంచులు మూడు వ్రేలాడదీసినట్లు. ఒకే లావులో పోల్చితే ఫ్లాట్ తీగ తన్యత తరచుగా ఎక్కువ. రేకుల మధ్య ఖాళీ తక్కువ, లోహం ఎక్కువ కావడమే దానికి కారణం. అయితే ఇది అన్నింటికీ వర్తించదు. వియన్నాలోని థోమాస్టిక్-ఇన్‌ఫెల్డ్ సంస్థవారి జాజ్ ఫ్లాట్స్ తీగలు తక్కువ తన్యతకే పేరుపొందినవి. పెట్టెపై తన్యత వివరాలు ఉంటే తప్పక చదవండి.

తీగ ఒకటే అయినప్పుడు తన్యత పొడవు వర్గానికి, పౌనఃపున్య వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఇది పాఠశాల భౌతికశాస్త్రమే. సాధారణ బేస్‌లో గుర్రం నుండి తలవైపు గాడి వరకు పొడవు 34 అంగుళాలు. పొట్టి బేస్‌లో 30 అంగుళాలు. అదే తీగను అదే శ్రుతికి పొట్టి బేస్‌పై బిగిస్తే తన్యత సుమారు 22 శాతం తగ్గుతుంది. చిన్న పిల్లలకు పొట్టి బేస్ అనుకూలం కావడానికి ఇది ఒక కారణం. అలాగే గాయకుని కోసం శ్రుతిని ఒక పూర్తి స్వరం దించితే, అనగా ఇ తీగను డి చేస్తే, తన్యత సుమారు 21 శాతం పడిపోయి తీగ వదులై మెట్లపై కొట్టుకుంటుంది. తరచుగా శ్రుతి దించి వాయించేవారు కొంచెం లావు తీగలు తీసుకోవాలి.

కొనేముందు బేస్ పొడవును టేపుతో కొలిచి వ్రాసుకొని వెళ్ళండి. పొట్టి తీగ పెద్ద బేస్‌కు అందదు. పొడవు తీగను పొట్టి బేస్‌కు వేస్తే లావుపాటి చుట్టు బిరడాపైకి చేరి, తీగ సరిగా కూర్చోదు, తెగవచ్చు కూడా.

మధ్యేమార్గాలు

రెండింటికీ నడిమి రకాలు కూడా ఉన్నాయి. రౌండ్‌వౌండ్ తీగ పైభాగాన్ని సానబట్టి నునుపు చేసినవి హాఫ్‌రౌండ్ లేదా గ్రౌండ్‌వౌండ్ తీగలు. నాదంలోను, స్పర్శలోను అవి మధ్యస్థంగా ఉంటాయి. లోహపు తీగపై నల్లని నైలాన్ పట్టీ చుట్టినవి టేప్‌వౌండ్ తీగలు. వాటి నాదం డబుల్ బేస్‌ను తలపిస్తుంది. లోపల ఉక్కు ఉండడం వలన విద్యుత్ బేస్‌లోని అయస్కాంత పికప్ వాటిని చక్కగా గ్రహిస్తుంది. సన్నని పాలిమర్ పూతగల రౌండ్ తీగలలో గాడులలోకి జిడ్డు చేరదు కాబట్టి మెరుపు ఎక్కువకాలం నిలుస్తుంది. ధర కూడా తదనుగుణంగా ఎక్కువే.

ఎవరికి ఏవి?

ఇంతవరకు చెప్పినదానిని నాలుగు ప్రశ్నలుగా కుదించవచ్చు. ఏ పాటలు వాయిస్తారు? ఏ స్పీకరుపై వాయిస్తారు? వాద్యానికి మెట్లు ఉన్నాయా? తీగలు దొరికే దుకాణం ఎంత దూరం? సమాధానాలనుబట్టి ఎంపిక ఇలా ఉండవచ్చు.

కొత్తగా నేర్చుకునేవారు, ఒకే వాద్యంపై అన్ని రకాల పాటలు వాయించవలసినవారు, చిన్న స్పీకర్లపై ఆధారపడేవారు నికెల్ పూతగల రౌండ్‌వౌండ్ సెట్టు తీసుకోవడం మేలు. దీనికి బలమైన కారణం ఒకటి ఉన్నది. ఉన్న మెరుపును తగ్గించుకోవచ్చు, లేని మెరుపును తెచ్చుకోలేము. రౌండ్ తీగలు వేసి, టోన్ మీట క్రిందికి తిప్పి, గుర్రం దగ్గర తీగల క్రింద చిన్న స్పాంజి ముక్క పెడితే ఫ్లాట్ నాదానికి సమీపంగా వస్తుంది. ఫ్లాట్ తీగలపై ఎంత ట్రెబుల్ పెంచినా రౌండ్ నాదం రాదు.

బొటనవేలితో కొట్టి, చూపుడువేలితో లాగి విడిచే స్లాప్ పద్ధతి నేర్చుకునేవారికి కూడా రౌండ్‌వౌండ్ తీగలే తగును.

పాత చలనచిత్ర గీతాలు, భక్తిగీతాలు, గజళ్ళు వంటి గొంతు ప్రధానమైన సంగీతం వాయించేవారు, రికార్డింగు పని చేసేవారు, మెట్లు లేని బేస్ గలవారు ఫ్లాట్‌వౌండ్ ఎంచుకోవచ్చు. పండుగలకు, సభలకు మాత్రమే వాద్యాన్ని బయటికి తీసే కుటుంబాలకు, తీగల కోసం దూరప్రయాణం చేయవలసినవారికి కూడా దీర్ఘకాలం మన్నే ఫ్లాట్ తీగలు లాభదాయకం. అయితే స్పీకరు మాట ముందు తేల్చుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్ రౌండ్ తీగలు అన్నింటికన్నా మెరుపైనవి. చేతి చెమట ఎక్కువగలవారికి తుప్పు విషయంలో మేలు. మెట్ల అరుగుదలకు సిద్ధపడినవారే వాటిని వాడవలెను.

మార్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

1. నాలుగు తీగలను ఒకేసారి విప్పక, ఒకదాని తరువాత ఒకటి మార్చండి. మెడపై తన్యత ఒక్కసారిగా మారదు.

2. తీగను బిరడా వద్ద వంచిన తరువాతనే మిగులును కత్తిరించాలి. ముఖ్యంగా ఫ్లాట్ తీగను వంచకముందే కత్తిరిస్తే చుట్టు సడలి, తీగ మొత్తం పాడు కావచ్చు. బిరడాపై రెండు మూడు చుట్లు క్రిందివైపు వచ్చేలా పొడవు ఉంచుకోండి.

3. రౌండ్ నుండి ఫ్లాట్‌కు మారినప్పుడు తలవైపు గాడిలో లావు తీగ సరిగా కూర్చున్నదో లేదో చూడండి. బలవంతంగా నొక్కితే గాడి చీలవచ్చు.

4. తన్యత పెరిగితే మెడ ముందుకు వంగి తీగలు ఎత్తుగా కనిపిస్తాయి. మెడ లోపలి ట్రస్ రాడ్‌ను పావు చుట్టుకు మించకుండా బిగించి, కొంతసేపు ఆగి, మళ్ళీ పరీక్షించాలి. బిగుతుగా తోస్తే బలం ఉపయోగించరాదు. తెలిసినవారికి చూపించండి.

5. తీగను 12వ మెట్టుపై నొక్కి మీటిన స్వరం, అదే చోట నొక్కకుండా వేలు తాకించి మీటిన స్వరం ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే గుర్రంపై ఆ తీగ ఆనే దిమ్మెను స్క్రూతో వెనుకకు, తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి. సెల్‌ఫోనులోని ట్యూనరు ఈ పరీక్షకు సరిపోతుంది.

6. విప్పిన పాత సెట్టును తుడిచి, చుట్టగా చుట్టి, కాగితంలో దాచిపెట్టండి. సభ మధ్యలో తీగ తెగిననాడు అదే ఆదుకుంటుంది.

7. పేరున్న సంస్థల తీగలకు నకిలీలు కూడా అంగడికి వస్తున్నాయి. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించి, నమ్మకమైన దుకాణంలోనే కొనండి.

పిల్లలు సాధన చేస్తున్న వాద్యం సరిగా పలకడం లేదనిపించినప్పుడు, వారి చేతిని తప్పుపట్టే ముందు తీగలను ఒకసారి చూడండి. తుప్పు ఉన్నదా, నల్లబడ్డాయా, మెట్టుకు మరీ ఎత్తుగా ఉన్నాయా, 12వ మెట్టు వద్ద శ్రుతి కలుస్తున్నదా అని పరిశీలించండి. ఇందుకు పది నిమిషాలు చాలును. తీగ మార్చడంతో తొలగిపోయే లోపానికి ఒక విద్యార్థి సాధన మానుకోకుండా చూడడం పెద్దల బాధ్యత.